కిలినొచ్చి షెడ్డు కోసం హొసకోటె మట్టి: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్లాక

ఊళ్లకు వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు, పని మొదలైంది. బెంగళూరు పక్కన హొసకోటె దాటాక ఒక స్నేహితురాలి రేకుల షెడ్డు, మట్టి ఇటుకలు ఒత్తడానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న చేతి ప్రెస్సు, రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి. మనుషులం ఐదుగురం: నేను, మా ఆఫీసులో స్ట్రక్చరల్ డిజైన్ చేసే ఇద్దరు కుర్రాళ్లు, కదిరి నుంచి వచ్చి చాలా ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్న మేస్త్రి, ఆయన భార్య. ఆవిడని అందరం కదిరక్క అనే పిలుస్తాం. పని శని, ఆదివారాల్లోనే. మా ముగ్గురిదీ సరదా పని, మేస్త్రికి, అక్కకి మాత్రం రోజు కూలి.

శ్రీలంక ఉత్తరాన కిలినొచ్చి జిల్లాలో ఒక మహిళా సంఘం ఉంది. వడ్లు నిల్వ చేసుకుని, పిండి పట్టించి, ప్యాకెట్లు కట్టి అమ్ముకోవడానికి సొంతంగా ఒక షెడ్డు కట్టుకోవాలని వాళ్ల ఆలోచన. ఒక విదేశీ దాత సంస్థ చిన్న గ్రాంటు ఇస్తానంది. గోడలకు సిమెంటు బ్లాకులు కొనకుండా వాళ్ల మట్టితోనే ఇటుకలు ఒత్తుకోవచ్చా అన్నది సంఘం అడిగిన ప్రశ్న. కొన్నేళ్ల కింద అక్కడి ఇళ్ల ప్రాజెక్టులో పనిచేసిన నా స్నేహితుడు దాన్ని మోసుకొచ్చి నా మీద పెట్టాడు. మట్టి, ఇసుక, కాస్త సిమెంటు ఏ పాళ్లలో కలపాలో తేల్చడం, ప్రెస్సు డ్రాయింగు ఇవ్వడం, పని నేర్పే వీడియోలు తీయడం మా వంతు.

సిమెంటు మీద వాళ్లకింత పట్టింపు ఎందుకో చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ ఏడాది సిమెంటు బస్తా ధర చూసి సగంలో ఇల్లు ఆపేసినవాళ్లు ఎందరో. ఆ దెబ్బ తగిలినవాళ్లకు "సిమెంటు తక్కువ" అన్న మాట వేరే ఎవరూ ఊదరగొట్టి చెప్పక్కర్లేదు.

జనవరి ఆఖరి వారం

మట్టి చూడకుండా పాళ్లు చెప్పడం అంటే రోగిని చూడకుండా మందు రాయడమే. అలాగని అక్కడి మట్టి ఓ సంచీడు తెప్పించుకుందామంటే కుదరదు. బయటి దేశం నుంచి మట్టి తేవడానికి మొక్కల క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు, పర్మిట్లు, ల్యాబు, పెద్ద తతంగం. అందుకని మట్టి బదులు ఫోటోలు తెప్పించుకున్నాం.

పద్ధతి పాతదే. వెడల్పు మూతి గాజుసీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి కదలని చోట పెట్టాలి. ఇసుక ఒక నిమిషంలోపే అడుక్కి దిగిపోతుంది. దాని మీద ఒండ్రు అరగంటలో పేరుతుంది. జిగట మట్టి మాత్రం తీరిగ్గా మర్నాటికి గానీ కూర్చోదు. సీసా పక్కన స్కూలు పిల్లల స్కేలు నిలబెట్టి మూడు సార్లూ ఫోటో తీసి పంపమన్నాం. సంఘం వాళ్లు ఒకటి అడిగితే నాలుగు సీసాలు పెట్టారు: చేను మట్టి, బావి తవ్వినప్పటి మట్టి, చెరువు గట్టు కింది మట్టి, షెడ్డు కట్టబోయే స్థలం మట్టి. నాలుగూ జామ్ సీసాలే, లేబుల్ ఇంకా ఊడలేదు.

చెరువు మట్టిలో జిగట బాగా ఎక్కువ, ఎండితే నెర్రెలిస్తుంది. స్థలం మట్టి బంగారం: సీసాలో మూడింట రెండొంతులు ఇసుకే. లంకలో వానలు తక్కువ పడే వైపు కనబడే ఎర్రగోధుమ నేలలు మన రాయలసీమ ఎర్రనేలలకు దూరపు చుట్టాలే. హొసకోటె మట్టిలో జిగట ఎక్కువ కాబట్టి ఎం-శాండ్ (రాయి పిండిచేసిన ఇసుక) కలుపుకుంటూ, సీసాలు పెట్టి చూసుకుంటూ, వాళ్ల సీసాకు దగ్గరగా తెచ్చుకున్నాం.

ఫిబ్రవరి మొదటి వారం

మట్టి ఎక్కడ తవ్వాలన్నది మనకు ప్రశ్నే కాదు. జేసీబీకి ఫోన్ చేస్తాం, అంతే. అక్కడ అలా కాదు. 2009 మేలో యుద్ధం ముగిసేనాటికి ఉత్తరాన పొలాలు, బాటలు, బడి ఆవరణలు అన్నిటా మందుపాతరలే. ఏ పునర్నిర్మాణానికైనా మొదటి ఖర్చు ఇటుకా కాదు, ఇసుకా కాదు, ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం నేలను గోకడం. హేలో ట్రస్టు, మ్యాగ్ లాంటి సంస్థలు విదేశీ ప్రభుత్వాల డబ్బుతో ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాయి, శ్రీలంక సైన్యమూ చేసింది, మన దేశం నుంచీ బృందాలు వెళ్లాయి. మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒప్పందంలో శ్రీలంక చేరింది 2017 డిసెంబరులో. హేలో బృందాల్లో చాలామంది అక్కడి ఊళ్ల ఆడవాళ్లే. నేలను శుభ్రం చేసే పనే చాలా ఇళ్లకు మొదటి నెలజీతం కూడా అయింది.

అందుకే మేం రాసిన మొదటి నియమం ఇటుక గురించి కాదు. పునాదికి, బావికి తవ్విన మట్టే వాడాలి, కొత్త గుంట తీయకూడదు, తప్పకపోతే శుభ్రం చేసి అప్పగించినట్టు కాగితం ఉన్న నేలలోనే తీయాలి. మేం ఇది పంపేసరికి సంఘం వాళ్లు ఆ స్థలం కాగితం ఫోటో ఎప్పుడో తీసి పెట్టుకున్నారు. మనకు రూలు, వాళ్లకు అలవాటు.

ఫిబ్రవరి మూడో వారం

ప్రెస్సు పని. ఈ యంత్రం కథ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బెంగళూరుకి ఇందులో వాటా ఉంది. 1950లలో కొలంబియా రాజధాని బొగోటాలో ఒక గృహనిర్మాణ కేంద్రంలో రౌల్ రమిరెజ్ అనే ఇంజినీరు సిన్వా-రామ్ అనే చేతి ప్రెస్సు తయారుచేశాడు. ఇనప పెట్టె, మూత, పొడుగాటి పిడి. పిడి లాగితే కింది పలక పైకి వచ్చి మట్టిని నొక్కుతుంది. కరెంటు అక్కర్లేదు. ఆ తర్వాత మన ఐఐఎస్సీలో 1974లో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం అమూల్యరెడ్డి గారు మొదలుపెట్టిన ఆస్త్రా కేంద్రంలో ప్రొఫెసర్ జగదీశ్, ఆయన బృందం ఈ దారినే మన నేలలకు తగ్గట్టు పాళ్లు, ప్రెస్సులు తీర్చిదిద్దారు. బెంగళూరులో ఇవాళ నిలబడి ఉన్న మట్టి ఇటుకల ఇళ్లు చాలావరకు ఆ పని పుణ్యమే.

మేం ఒత్తేది 230 మి.మీ. పొడవు, 190 వెడల్పు, 100 ఎత్తు ఇటుక. ఎండాక ఎనిమిది కిలోల పైచిలుకు. కిటుకంతా తూకంలోనే. అచ్చు ఎప్పుడూ ఒకటే, కాబట్టి ప్రతిసారీ ఒకే బరువు తడిమట్టి పోస్తే ఒకే గట్టిదనం వస్తుంది. కళ్లంచనాతో చేతికొచ్చినంత పోస్తే ఒక ఇటుక రాయిలా, ఇంకోటి రస్కులా దిగుతుంది. కుర్రాళ్లు డిజిటల్ కాటా తెచ్చారు. మేస్త్రి దాన్ని పక్కన పెట్టించి, పాత నూనెడబ్బా ఒకటి కోయించి, కాటా మీద ఒక్కసారి సరిచూసి, సరిగ్గా ఆ బరువు పట్టేలా తట్ట చేశాడు. గీతకు నింపి పోయడమే. బ్యాటరీ అయిపోయే గొడవ లేదు. డ్రాయింగుల్లో ఆ తట్ట కొలతలు కూడా ఎక్కించాం.

నీళ్లు ఎంత కలపాలో తేల్చడంలో మేస్త్రిని మించినవాళ్లు లేరు. కలిపిన మట్టి గుప్పెడు తీసి ఉండ చేసి నడుం ఎత్తునుంచి వదలాలి. నేల మీద పడి నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉన్నట్టు. పొడిపొడి అయితే నీళ్లు చాలలేదు. మా కుర్రాడు కలిపింది కింద పడి చప్పిడిగా పరుచుకుంది.

"ఇది ఉండ కాదప్పా, సంగటి. పప్పు ఉంటే తీసుకురా," అన్నాడు మేస్త్రి.

ఈ ఉండ పరీక్షనే మొదటి వీడియోగా తీశాం. హోసూరు, చెన్నై సైట్లలో పనిచేసి నేర్చుకున్న తమిళంలో మేస్త్రే మాట్లాడాడు. వ్యాకరణం దేవుడెరుగు, అక్కడివాళ్లకు బ్రహ్మాండంగా అర్థమైందట. సంగటి ముక్క తీసేద్దామంటే కుర్రాళ్లు ఒప్పుకోలేదు.

మార్చి మొదటి వారం

ఇటుకలు ఆరబెట్టే పని అంటారు గానీ నిజానికి ఆరకుండా చూసే పని. సిమెంటు కలిపింది కాబట్టి మూడు నాలుగు వారాలు గోనెపట్టాల కింద తడిగా ఉండాలి. మార్చి ఎండకి హొసకోటెలో పొద్దున చల్లిన నీళ్లు పదకొండుకల్లా ఎగిరిపోతున్నాయి. శని, ఆదివారాలే కాకుండా కదిరక్క రోజూ రెండు పూటలా వచ్చి చల్లుతోంది.

ఈ వారమే అసలు మాట పడింది. నేను బడ్జెట్ షీటు వేస్తున్నాను. మా పాళ్లలో సిమెంటు ఏడు శాతం, అంటే ఒక బస్తాకి 90 ఇటుకల దాకా వస్తాయి. సిమెంటు, కాస్త ఇసుక, ప్రెస్సు ఖర్చులో వాటా కలిపినా అక్కడి సిమెంటు బ్లాకు ధరలో సగం కూడా కావట్లేదు. గర్వంగా చదివి వినిపించాను. దాత సంస్థ ఫారంలో "కమ్యూనిటీ కాంట్రిబ్యూషన్" అని ఒక గడి ఉంటుంది, అందులో సంఘం వాళ్ల శ్రమ రాసేస్తే సరి.

కదిరక్క నీళ్ల బిందె దించి అడిగింది. "మట్టి జల్లించేది, మోసేది, దినామూ నీళ్లు కొట్టేది అంతా ఆ ఆడోళ్లే కదా మేడం. వాళ్లకి కూలి ఎవరిస్తారు?"

"వాళ్ల సొంత షెడ్డే కదక్కా," అన్నాడు మా కుర్రాడు.

"సొంతమైతే? ఆ పొద్దుకి ఇంట్లో సంగటి కెలకాల్సిన పన్లేదా?"

నా షీటులో కూలి గడి సున్నా. అది ఫారంవాళ్లు నేర్పిన సున్నా. నేను చదువుకునే రోజుల్లో, 1997లో, జన్మభూమి వచ్చినప్పుడు ఊళ్లో రోడ్డు పనికి శ్రమదానం అన్నారు. పార మోసింది ఎవరు, ఫోటోలో నిలబడింది ఎవరు అన్నది ఆ ఊళ్లో పుట్టిన ఎవరికైనా గుర్తే.

మార్చి, ఉగాది ముందు

ఆ ప్రశ్న పట్టుకుని నా స్నేహితుడితో గంటసేపు ఫోన్లో మాట్లాడాను. అతను పనిచేసింది భారత ప్రభుత్వ ఇళ్ల పథకంలో. 2010లో మన దేశం ప్రకటించిన 50,000 ఇళ్ల సాయం అది, యుద్ధం తర్వాత శ్రీలంకకు మనం ఇచ్చిన గ్రాంట్లలో అతి పెద్దది. ముందు ఏజెన్సీ ద్వారా వెయ్యి ఇళ్లు కట్టించి చూశారు. 2012 గాంధీ జయంతి రోజున మొదలైన రెండో దశలో, ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో 45,000 ఇళ్లకు పద్ధతి మార్చారు: కాంట్రాక్టరు లేడు, ఇంటివాళ్లే కట్టుకుంటారు. ఇంటికి 5,50,000 శ్రీలంక రూపాయలు, అప్పటి లెక్కన మన రూపాయల్లో రెండుంపావు లక్షలు. మన ఇందిరమ్మ ఇళ్లకి బేస్‌మెంట్ బిల్లు, రూఫ్ బిల్లు అని దశలవారీగా వచ్చినట్టే, పని చూసి ధ్రువీకరించాక డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడేది. ధ్రువీకరించే బాధ్యత యూఎన్ హ్యాబిటాట్, రెడ్‌క్రాస్ లాంటి సంస్థలది. 2001 గుజరాత్ భూకంపం తర్వాత మన దగ్గర బాగా నడిచిన దారి ఇది.

ఇది మంచి పద్ధతి అని నేను ఇప్పటికీ అంటాను. ఇంటికి వాకిలి ఎటు ఉండాలో, వంటిల్లు లోపలా బయటా అన్నది ఉండబోయేవాళ్లే తేల్చుకున్నారు. కానీ ఒకే కాలంలో, ఒకే జిల్లాల్లో వేల ఇళ్లు లేస్తుంటే ఇసుక ధర ఊరుకుంటుందా, మేస్త్రి కూలి ఊరుకుంటుందా? గ్రాంటు మాత్రం అంకె కదలలేదు. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు ఉన్నవాళ్లు ఆ తేడాని ఒళ్లు వంచి పూడ్చుకున్నారు. యుద్ధంలో భర్తలు పోయిన, జాడ తెలియకుండా పోయిన ఇళ్లు ఆ ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ ఆడవాళ్లు కూలి పెట్టి పని చేయించుకోవాలి. నగలు తాకట్టు పెట్టారు, అప్పులు తెచ్చారు. "ఇల్లు పూర్తయింది" అని మేం టిక్ పెట్టిన రోజున కొన్ని ఇళ్లలో అప్పు మొదలైంది, అన్నాడు అతను.

అంటే సాయం తక్కువైనచోట మిగతాది ఎవరో కడుతున్నారు. కట్టేవాళ్ల పేరు ఏ షీటులోనూ ఉండదు. పైగా కట్టేది అందరికంటే లేనివాళ్లు. మా మట్టి ఇటుక కూడా సరిగ్గా ఆ దారిలోనే పోతోంది: సిమెంటు తగ్గించి చాకిరీ పెంచే వస్తువు అది. ఆరుగురు పొద్దంతా కష్టపడితే మూడు నాలుగు వందల ఇటుకలు.

షీటు మార్చాను. జల్లెడ పట్టే మనిషి నుంచి నీళ్లు చల్లే మనిషి దాకా అందరికీ ఆ జిల్లాలో నడిచే రోజు కూలి వేశాను. ఇటుక ధర దాదాపు రెట్టింపై సిమెంటు బ్లాకుకి కొంచెం కిందికి వచ్చి ఆగింది. చవక అన్న మాట ఇక వాడలేం. వాడాల్సిన మాట వేరే ఉంది: ఆ డబ్బులో పెద్ద వాటా కూలిగా ఊళ్లోనే ఉంటుంది.

ఉగాది తర్వాత

దాత సంస్థ అధికారితో వీడియో కాల్. మర్యాదస్తుడే. కూలి పద్దు చూసి, "దీనికి బదులు ఫ్యాక్టరీలో తయారై వచ్చే ప్రీఫ్యాబ్ ప్యానెళ్లు దించేస్తే రెండు వారాల్లో అయిపోతుంది కదా?" అన్నాడు.

ఈ ప్రశ్న ఆ ప్రాంతానికి కొత్త కాదు. 2015, 16లలో అక్కడి ప్రభుత్వం ఉత్తర, తూర్పు ప్రాంతాల కోసం 65,000 రెడీమేడ్ ఉక్కు ఇళ్లు తలపెట్టింది. ఒక్కోటీ సుమారు 21 లక్షల శ్రీలంక రూపాయలు. ఆ డబ్బుతో మామూలు ఇళ్లు రెండు కట్టొచ్చని స్థానిక నాయకులు, ఇంజినీర్లు లెక్కలు తీశారు. గాలి సరిగ్గా ఆడదు, ఉప్పుగాలికి తుప్పు, పిల్లల పెళ్లిళ్లయ్యాక ఒక గది కలుపుకుందామంటే కుదరదు అన్నవి వాళ్ల అభ్యంతరాలు. అన్నిటికంటే ముఖ్యంగా, డబ్బు మొత్తం కంపెనీకి పోతుంది, ఊరి మేస్త్రికి ఒక్క రోజు పని రాదు. చివరికి ఆ పథకం నిలవలేదు.

ఇదంతా చెప్పాను. వేగం అస్సలు పనికిరాదని నేను అనను. వరదొచ్చి జనం టార్పాలిన్ల కింద ఉన్నప్పుడు ప్యానెళ్లే దించాలి. ఇక్కడ ఎవరూ తడవట్లేదు, వచ్చే పంటకి షెడ్డు ఉంటే చాలు. రెండు వారాల తొందర ఎవరిది? రిపోర్టుది. ఈ ఆఖరి మాట పైకి అనలేదులెండి. కూలి పద్దుకి మార్చి నెలాఖరున ఒప్పుకున్నారు, పూర్తిగా కాదు, మూడొంతులకి. మిగతా ఒక వంతు గురించి సంఘమే తేల్చుకోవాలి.

ఏప్రిల్ మొదటి వారం

ల్యాబు ఫలితాలు. ఇటుకల్ని రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, తడిగానే మెషిన్లో నొక్కించాం. ఏడు శాతం సిమెంటువి 3 మెగాపాస్కల్స్ (చదరపు సెంటీమీటరుకి సుమారు ముప్పై కిలోల బరువు) దాటాయి. ఒక అంతస్తు షెడ్డుకి హాయిగా చాలు. ఐదు శాతంవి నానేటప్పుడే అంచులు కరగడం మొదలైంది. ఏడే ఖాయం. దీని మీద ఇంతకంటే రాయడానికేం లేదు.

అంతకంటే ముఖ్యమైన పరీక్ష పిడి దగ్గర జరిగింది. పిడి లాగేది మేస్త్రి కాబట్టి మాకు బరువు తెలియలేదు. అక్కడ లాగేది ఆడవాళ్లు. కదిరక్కనీ, పక్క తోటలో పనిచేసే ఇంకో ఆమెనీ లాగమన్నాం. పూట గడిచేసరికి భుజాలు పట్టేశాయి అన్నారు. పిడికి అడుగున్నర పైపు తొడిగి పొడిగించాం. పిడి పొడుగైన కొద్దీ తక్కువ బలం చాలు, కానీ పైకి లేపినప్పుడు అంత ఎత్తు చెయ్యి అందాలి. ప్రెస్సు కింద దిమ్మె ఎత్తు తగ్గించి ఆ చిక్కు తీర్చాం. ఇప్పుడు ఇద్దరూ కలిసి లాగితే ఊయల ఊపినంత సులువు అని చెప్పను గానీ, పూటంతా లాగొచ్చు.

ఏప్రిల్ మూడో వారం

నా స్నేహితుడు వెళ్లొచ్చాడు. చెన్నై నుంచి జాఫ్నాకి విమానం, అక్కడి నుంచి కిలినొచ్చికి రైలు. యుద్ధంలో పట్టాలతో సహా మాయమైన ఆ లైను మన రైల్వే శాఖ నిర్మాణ సంస్థ ఇర్కాన్ వేసిందే, 2014 అక్టోబరులో జాఫ్నాకి మళ్లీ రైలు నడిచింది. ఇళ్లు గ్రాంటు, రైల్వే మాత్రం అప్పు. విదేశీ సాయం అని ఒకే మాటలో చెబుతాం గానీ, తిరిగి కట్టాల్సినవాళ్లకు రెండూ ఒకటి కాదు.

సంఘం సమావేశంలో అతను మా షీటు చదివి వినిపించాడు. కూలి పద్దు దగ్గర చాలాసేపు చర్చ జరిగిందట. మిగతా ఒక వంతు శ్రమ ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు, చంటిపిల్లలున్నవాళ్లు, ఒంటరివాళ్లు ఇవ్వక్కర్లేదు అని తీర్మానించారు. ఆ జాబితా వాళ్లే రాసుకున్నారు, మాకు చూపించలేదు. చూపించాల్సిన అవసరమూ లేదు.

ఆ పైన ఒక పెద్దావిడ లేచి, గోడ కప్పుదాకా ఎందుకు, కిటికీ మట్టందాకా ఇటుక కట్టి పైన ఎలుక దూరని జాలీ కొడితే గాలి ఆడుతుంది, పిండి ముక్కిపోదు కదా అన్నారట. ఇటుకల సంఖ్య సగానికి పడిపోయింది. మేం మూడు నెలలు కుస్తీ పట్టి సిమెంటులో ఆదా చేసినదానికంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ ఆదా అయింది. జాలీకి ఖర్చు ఉంది, స్తంభాలు కొంచెం బలపరచాలి. మా కుర్రాళ్లు మళ్లీ లెక్కలు వేస్తున్నారు, గొణుక్కుంటూనే.

ఏప్రిల్ ఆఖరు

మన ప్రెస్సుని ఓడలో పంపే ఆలోచన మానేశాం. పాడైతే విడిభాగం కోసం మళ్లీ బెంగళూరు వైపు చూడాలి. డ్రాయింగు పంపితే కిలినొచ్చి బజారులోని వెల్డింగ్ షాపే చేస్తుంది, రేపు విరిగితే అతనే అతికిస్తాడు.

మేస్త్రి ఇంకో వీడియో అడుగుతున్నాడు, మూలల్లో ఇటుక ఎలా కలుపుకోవాలో చూపించాలట. కదిరక్క ఈసారి నీళ్లు చల్లే వీడియోలో తను మాట్లాడతానంది, తెలుగులోనే. అక్కడివాళ్లకి తెలుగు రాదక్కా అంటే, "నీళ్లు కొట్టేదానికి భాష ఏమిటికి మేడం?" అంది.

సాయంత్రం వెల్డింగ్ షాపతను ఫోన్ చేశాడు. 10 మి.మీ. ప్లేటు అక్కడ దొరకట్లేదు, 8 ఉంది, చాలుతుందా అని. పక్కలకు పట్టీలు వేసి బిగిస్తే చాలుతుంది. ఆ మార్పు గీసి ఈ రాత్రికే పంపాలి.